రెండో ఏటి గడ్డి

పాఠక మహాశయులారా, ముందుగా రెండు చేతులూ జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయిన వారం బ్రెజిల్ దేశంలో, తన సొంత ఊళ్ళో, మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కునుకు తీస్తూ మా కోచ్ గారు కన్నుమూశారు. అంతటి మనిషి గురించి నాలుగు ముక్కలు రాయడానికి ఈ భూమ్మీద తగినవాళ్ళు కోకొల్లలు. ఆయనతో ఆడినవాళ్ళున్నారు, ఆయన మీద ఆడినవాళ్ళున్నారు, ఆయన తన్నిన బంతి గోలు వదిలేసి వచ్చి మూతికి తగిలితే పన్ను పోగొట్టుకున్న ఫొటోగ్రాఫరు ఒకడు మెక్సికోలో ఇంకా బతికే ఉన్నాడని వినికిడి. వాళ్ళందరినీ పక్కకు నెట్టి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈనాటికీ పూర్తిగా అంతుపట్టని కోనసీమ కుర్రాడొకడు, బీయస్సీ అగ్రికల్చర్ పట్టా తప్ప మరే అర్హతా లేనివాడు, కలం పట్టడం ఘోరాపరాధం. సౌదీ ఎడారిలోని బురైదాలో వరి పండుతోందని ఒకప్పుడు లేచిన పుకారుకు కూడా నేనే కారణమని గిట్టనివాళ్ళు అంటారు. దానికీ క్షమాపణే. అపరాధాలన్నీ ఒప్పేసుకున్నాను గనక ఇక హాయిగా మొదలుపెడతాను.

కబురు తెచ్చినవాడు రాజమల్లన్న. జగిత్యాల వైపు మనిషి, మా క్లబ్బు బస్సు డ్రైవరు. ఆ రోజు గ్రౌండు దగ్గర బస్సాపి, దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"సారూ, ఒక ముచ్చట చెప్పాలె. జెర దిల్ గట్టిగ జేస్కో."

"మళ్ళీ గేటుకి కొట్టావా అన్నా?"

"గేటు ముచ్చట గాదు సారూ. మన కోచ్ సాబ్ పోయిండట. బిడ్డ ఫోన్ జేసింది క్లబ్బుకి."

నేను బస్సు మెట్టు మీద కూర్చున్నాను. అన్న స్టీరింగు మీంచి చేతులు తీసి, "తిన్నంకనే పోయిండట. తినకముందు గాదు," అన్నాడు.

"అంతేలే అన్నా. ఆయన పద్ధతి తప్పే మనిషా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇద్దరం ముక్కు తుడుచుకున్నాం.

ఇంతకీ నేనెవరినో, ఫుట్‌బాల్ క్లబ్బులో నాకేం పనో చెప్పాలి. గల్ఫ్ యుద్ధానికి కొద్ది నెలల ముందు నేను గోధుమ పొలాలు చూసుకోవడానికి బురైదా వచ్చాను. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి తెప్పించుకున్న ఆసామి, ఖర్జూరం తోటలూ గోధుమ చేలూ ఉన్న పెద్ద రైతు. ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రెసిడెంటు కూడా ఆయనే. నేను దిగిన వారానికే నన్ను గ్రౌండుకు తీసుకెళ్ళి, "యా ముహందిస్, గోధుమ కూడా గడ్డే కదా. ఇదీ నువ్వే చూడు," అన్నాడు. శాస్త్రప్రకారం ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. అలా నేను గడ్డికి ముహందిస్‌ని, అంటే ఇంజనీరుని అయ్యాను. చలికాలానికి ఒక గడ్డి, ఎండాకాలానికి ఒక గడ్డి. ఎండాకాలం గడ్డి పేరు ఇంగ్లీషులో ఘనంగా ఉంటుంది గానీ అది మన గరికే. మా తాత చేలో జీవితమంతా వంగి పీకిన గరికను మనవడు సముద్రం దాటొచ్చి, జీతం పుచ్చుకుని, నీళ్ళు పోసి పెంచాడు. ఈ సంగతి ఆయనకు చివరిదాకా ఎవరం చెప్పలేదు.

కోచ్ గారు అప్పటికి కోచ్ కాదు. మా జట్టు ఫార్వర్డు. ముప్పై దాటి కొంతకాలమైంది, కుడి మోకాలు ఆయన మాట వినడం మానేసింది. బ్రెజిల్ ఫార్వర్డు అనగానే మీ కళ్ళముందు ఏ మెరుపుతీగో కదులుతుంటే దయచేసి దాన్ని తుడిచేయండి. ఆయన బ్రెజిల్‌లో ఆడిన గ్రౌండ్లలో ఒక పక్క జనం, మూడు పక్కల ఆవులు ఉండేవట. అక్కడి నుంచి పోర్చుగల్‌లో చేపలు పట్టే ఊళ్ళో వానలో ఒక ఏడు, మెక్సికోలో కొండమీద ఊపిరాడక ఒక ఏడు, గ్రీసులో జీతమివ్వని లంకలో ఒక ఏడు. ఎక్కడా రెండో ఏడు లేదు. సీజన్ అయిపోగానే క్లబ్బువాళ్ళు వీపు తట్టి, మంచివాడివని మెచ్చుకుని, సాగనంపేవారు.

"నా గురించి చెడ్డగా చెప్పిన క్లబ్బు ఒక్కటీ లేదు దొతోర్," అనేవారు నాతో. వాళ్ళ దేశంలో చదువుకున్నవాడెవడైనా దొతోరేనట. "ఉండమన్న క్లబ్బు కూడా ఒక్కటీ లేదు. మా ఆవిడ నా చిరునామా ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసుకుంటుంది."

ఆయన మాట నాలుగు భాషల కలగూర. పోర్చుగీసు కాండం, ఇంగ్లీషు ఆకులు, అరబ్బీ పువ్వులు, మా గదిలో నేర్చిన హిందీ ముళ్ళు. నాకు అర్థమైనంత మేరకు తెలుగులో రాస్తున్నాను. బ్రెజిల్ పాఠకులు మన్నించాలి.

ఇంతలో యుద్ధమొచ్చింది. మా ఊరి మీద ఏమీ పడలేదు గానీ రేడియో మాత్రం ఎవరూ కట్టేవారు కాదు. కిటికీలకు టేపులు, కొట్లలో నీళ్ళ సీసాల కోసం వరసలు. మా జట్టుకు అప్పుడొక యూరప్ కోచ్ ఉండేవాడు. విజిల్ వేస్తే ఊరంతా వినపడేది. దొరికిన మొదటి విమానంలో వెళ్ళిపోయాడు, విజిల్‌తో సహా. ప్రెసిడెంటు చుట్టూ చూశాడు. బెంచి మీద మోకాలికి ఐసుముక్క పెట్టుకుని మన బ్రెజిల్ ఆయన కూర్చుని ఉన్నారు.

"నువ్వెందుకు వెళ్ళలేదు?" అనడిగాడు.

"పిలిచిన క్లబ్బు ఏదీ లేదు."

"అయితే నువ్వే కోచ్. సీజన్ అయ్యేదాకా."

సీజన్ అయ్యేదాకా అన్న మాట విని ఆయన ముఖంలో కదిలిన దాన్ని నేను పక్కనే ఉండి చూశాను. ధైర్యం చేసి అడిగారు, "ఆ తర్వాత?"

ప్రెసిడెంటు రైతు మనిషి, బేరం సూటిగా తేల్చాడు. జట్టు ఈ డివిజన్‌లో నిలబడితే రెండో ఏడు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, మళ్ళీ కొట్టిస్తాను. కింది డివిజన్‌కు పడిపోతే ఖురూజ్. ఖురూజ్ అంటే పాస్‌పోర్టు మీద పడే ముద్ర, మళ్ళీ రానక్కర్లేదని. కోచ్ గారు ఐసుముక్క కింద పెట్టేసి లేచి నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి రెండో ఏడు అన్న మాట ఒక క్లబ్బు ప్రెసిడెంటు నోటి నుంచి విన్నారాయన.

ఇక మొదలైంది శిక్షణ. ప్రెసిడెంటు జట్టు కోసం రియాద్ నుంచి విషవాయువు మాస్కులు తెప్పించాడు. ఆ డబ్బాలను కోచ్ గారు వరసగా నిలబెట్టి, వాటి మధ్య నుంచి బంతి తిప్పించేవారు. డబ్బా పడగొట్టినవాడు మాస్కు పెట్టుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తాలి. సద్దాం వల్ల కాని పని ఆయన వల్లయింది. మా కుర్రాళ్ళకు మాస్కంటే భయం పట్టుకుంది.

ఆయన పాఠం మాత్రం ఒకటే. "గోలు కొట్టడం ఏమీ లేదు. అక్కడ ఉండాలి, అంతే." ఎక్కడ అంటే, బంతి వచ్చే చోట. బంతి ఎక్కడికి వస్తుంది అంటే, మనం ఉన్నచోటికి. ఈ వేదాంతం విని మా గోల్‌కీపరు, పగలు బడిలో లెక్కలు చెప్పే మేష్టారు, తల పట్టుకునేవాడు. "నా గోల్స్‌లో సగం మోకాలికి తగిలి పోయినవే. నాలుగు వీపుకి తగిలినవి. అన్నీ గోల్సే. మోకాలా, వీపా అని పేపరువాడు రాయడు," అనేవారు కోచ్ గారు.

శుక్రవారాలు మా గదికి వచ్చేవారు. మొదటిసారి రాజమల్లన్న తీసుకొచ్చాడు, అన్నం పప్పు పెట్టాం. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. వాళ్ళ ఊళ్ళో రోజూ తినేది అన్నమూ చిక్కుడుగింజల పప్పేనట. పైన ఏదో వేయించిన పిండి చల్లుకుంటారట. నేను కందిపొడి డబ్బా ముందుకు తోశాను. ఆ రోజు నుంచి ఆయన చల్లుకోని పదార్థం లేదు. పప్పు మీద, కోడికూర మీద, ఒకసారి పుచ్చకాయ మీద కూడా.

"నువ్వు గింత తింటే మాకేం మిగుల్తది కోచ్ సాబ్?" అనేవాడు అన్న తెలుగులోనే.

"షుక్రన్, షుక్రన్," అనేవారు ఆయన, అరబ్బీ ధన్యవాదంతో పాటు ఇంకో చెంచా వేసుకుంటూ. ఇద్దరికీ గొప్ప స్నేహం.

యుద్ధం అయిపోయింది. ఆగిన పోటీలు మళ్ళీ సాగాయి. మేము ఒకటి గెలిచి రెండు ఓడుతూ, చివరి ఆటకు వచ్చేసరికి గట్టు మీద నిలబడ్డాం. ఓడకపోతే చాలు, డివిజన్‌లో ఉంటాం, కోచ్ గారు ఉంటారు. వచ్చే జట్టు మాత్రం జింకల మంద. నేల మీద బంతిని అలా జార్చుకుంటూ పోతారు.

రెండ్రోజుల ముందు కోచ్ గారు నా భుజం మీద చెయ్యేసి, "దొతోర్, గడ్డి కొయ్యకు. కాస్త నీళ్ళు పెట్టు. బంతి పరిగెత్తకూడదు, నడవాలి," అన్నారు.

ఇక్కడే, మహాశయులారా, రెండు దేశాల వ్యవసాయాలు ఢీకొన్నాయి. కాస్త నీళ్ళు పెట్టమంటే మా కోనసీమలో అర్థం వేరు. మడికి నీళ్ళు పెట్టడమంటే గట్టు దాకా పెట్టడం. నీరు వదిలి ఇంటికెళ్ళి, మర్నాడొచ్చి చూసుకోవడం. ఇసుక నేల నీళ్ళు తాగేస్తుందని అంతకుముందే అడుగున బంకమట్టి పరిపించిన మేధావిని నేను. నీళ్ళు బయటికి పోకుండా చుట్టూ గట్టు కూడా వేయించాను, చెయ్యి ఊరుకోక. ఆట ముందు రోజు సాయంత్రం వాల్వు తిప్పి వెళ్ళిపోయాను.

పొద్దున్నే రాజమల్లన్న బస్సు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఏంది సారూ గిది? గ్రౌండా, పొలమా?"

"కోచ్ గారే నీళ్ళు పెట్టమన్నారన్నా."

"నీళ్ళు వెట్టుమన్నడు, నాట్లెయ్యమన్నడా? నారేడ పోసినవ్? కూలోళ్ళని నేను పట్కరావాల్నా?"

గేటు బయట నిలబడ్డ కొందరు పెద్దమనుషులు కూడా అదే అనుకున్నారు. వరి పుకారు పుట్టింది అక్కడే. గట్టు తెగ్గొట్టి, బకెట్లతో తోడి, ఆట మొదలయ్యే వేళకు గ్రౌండుని గ్రౌండులా కనపడేలా చేశాం. మా గోలు ముందర మాత్రం పల్లంలో ఒక మడుగు మిగిలిపోయింది.

ఆట చాలా గొప్పగా సాగింది, అంటే ఏమీ సాగలేదు. జింకలు బురదలో చతికిలబడ్డాయి. బంతి నిజంగానే నడిచింది. ఒక్కోసారి కూర్చుంది కూడా. కోచ్ గారి పథకం పారుతోంది. ఇంకాసేపు ఇలాగే దేకితే చాలు, రెండో ఏడు చేతిలో ఉన్నట్టే. అప్పుడు మా డిఫెండరు ఒకడు, పాపం, ఏ ప్రమాదమూ లేని సమయంలో, బంతిని మెల్లగా మా గోల్‌కీపరుకు తిరిగి తన్నాడు. అది మడుగు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. లెక్కల మేష్టారు అటు కదలబోయి జారాడు. వాళ్ళ ఫార్వర్డు, లావుపాటి మనిషి, ఆట మొత్తం మీద ఎక్కడికీ పరిగెత్తకుండా అక్కడే నిలబడ్డవాడు, కాలు చాచి గోల్లోకి తోశాడు.

గ్రౌండంతా గప్‌చిప్. ఆ నిశ్శబ్దంలో ఒకరు చప్పట్లు కొడుతున్నారు. చూస్తే మా కోచ్ గారు. కళ్ళు మెరుస్తున్నాయి. "అక్కడున్నాడు! చూశావా దొతోర్, వాడు అక్కడున్నాడు!"

నేను ఆయన చేతులు పట్టుకున్నాను గానీ అప్పటికే ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. ఆట అయ్యాక మెట్లు దిగొచ్చి నన్నే అడిగాడు, "యా ముహందిస్, ఈయన ఎవరి కోచ్?" జవాబు కోసం ఆగలేదు. వచ్చే జుమా, అంటే శుక్రవారం లోపల ఖురూజ్ కొట్టించమని మేనేజరుకు చెప్పి కారెక్కాడు. నీళ్ళ సంగతి మేనేజరు అడిగితే తానే పెట్టమన్నానని కోచ్ గారు చెప్పారు. అది నిజమే, ఎంత పెట్టమన్నారో తప్ప.

ఆ సాయంత్రం మా గదికి మామూలుగానే వచ్చారు. "ఓడిన రోజు తిండి కూడా పోగొట్టుకుంటే రెండు ఓటములు," అని కూర్చున్నారు. రాజమల్లన్న కందిపొడి డబ్బా మొత్తం ఆయన కంచం పక్కన పెట్టాడు. తిన్నారు. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ, "ఎండాకాలానికి ఏం వేస్తావు?" అనడిగారు.

"గరిక. విత్తనం వచ్చేసింది."

"ఎన్నాళ్ళకు పచ్చబడుతుంది?"

"నెల పడుతుందండి."

ఆయన తలూపారు. తువ్వాలు మడతపెట్టి తీగ మీద ఆరేశారు. "అయితే నేను చూడను," అన్నారు మామూలు గొంతుతో.

జుమా వచ్చింది, వెళ్ళింది. ఖురూజ్ కొట్టలేదు. ఇంకో వారానికి మేనేజరు కోచ్ గారిని పిలిచి, ఇఖామా కోసం ఫొటోలు ఇమ్మన్నాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. కింది డివిజన్‌కు కోచ్‌గా ఇంకెవరూ రారని ప్రెసిడెంటుకు తెలుసంది కోచ్ గారి లెక్క. ఓడినా చప్పట్లు కొట్టిన పెద్దమనసు నచ్చిందంది మేష్టారి లెక్క. రాజమల్లన్నది మాత్రం, "మన పప్పు తిన్న మనిషి, ఏడికి పోతడు?" అన్న సిద్ధాంతం.

రెండో సీజన్ మొదటి రోజు కోచ్ గారు ఒక్కరే గ్రౌండంతా తిరిగారు. పాత స్నేహితుల ఇళ్ళకు వెళ్ళినట్టు ఒక్కో ఎగుడునీ, ఒక్కో దిగుడునీ పలకరించారు. "నువ్వు నాకు తెలుసు. నువ్వూ తెలుసు. నువ్వు మాత్రం నాకు గోలు బాకీ." ఆ ఏడు మా కుర్రాళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నారు. మళ్ళీ పైకొచ్చాం. తర్వాత మూడో ఏడు, నాలుగో ఏడు. చివరకు తనంతట తానే ఖురూజ్ అడిగి వెళ్ళారు, ఊళ్ళో పిల్లలకు ఆట నేర్పుతానని. తన ఇష్టంతో వదిలిన క్లబ్బు అదొక్కటేనట. విమానాశ్రయంలో ఆ మాటను గొప్ప కప్పు గెలిచినవాడిలా చెప్పారు.

ఇంతవరకూ 'మేము' అని, 'మా జట్టు' అని, నేనేదో బంతి తన్నినట్టు రాసుకొచ్చాను. ఆయన ఉద్యోగం నిలవడానికి నేను స్వయంగా చేసిన పని ఒక్కటే ఉంది. ప్రెసిడెంటు ఇప్పుడు పెద్దవాడై లండన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు, తెలుగు చదవడు. కాబట్టి చెప్పేస్తాను.

ఓడిన మర్నాడు పొద్దున గరిక చల్లడానికి వెళ్ళాను. కోచ్ గారు అప్పటికే వచ్చి గోలుకంబానికి ఆనుకుని నిలబడ్డారు. ఊరికే నిలబడ్డ మనిషిని చూడలేక ఒక గుప్పెడు విత్తనం ఆయన చేతిలో పోశాను. గరిక విత్తనం నలుసంత ఉంటుంది. ఇసుకలో కలిపి చల్లాలి. ఆ ముక్క చెప్పేలోగా ఆయన విసిరేశారు, అంతా ఒక్కచోట పడింది. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు పికప్పు వచ్చి ఆగింది. దిగి, ఆ చెయ్యీ, ఆ నేలా చూసి, "ఈయన విత్తుతున్నాడేంటి?" అన్నాడు.

నేను నా బీయస్సీ ముఖం పెట్టాను. "మా గోదావరి జిల్లాలో ఆచారం ఉందండి. మొదటి గుప్పెడు ఎవరి చేత్తో పడుతుందో ఆ మనిషి ఏడాది పాటు ఆ నేల మీద తిరగాలి. లేకపోతే మొలక అలుగుతుంది."

ప్రెసిడెంటు నన్ను చాలాసేపు చూశాడు. "మీ పుస్తకాల్లో ఉందా ఇది?"

"రెండో సంవత్సరం సిలబస్‌లో ఉందండి."

రెండో సంవత్సరంలో మేము చదివింది గొర్రెల జబ్బులు. అలాంటి ఆచారం మా జిల్లాలో లేదు, పక్క జిల్లాలో లేదు, నా నోట్లో పుట్టి అక్కడే పెరిగింది. కానీ ఆయన రైతు. వంగి, ఆ విత్తనం పడ్డచోట మట్టి వేళ్ళతో నలిపి, వాసన చూసి, దులుపుకుని, పికప్పు ఎక్కి వెళ్ళిపోయాడు.

అరబ్బీలో సాగిన మా సంభాషణ అంతా అర్థంకాని కోచ్ గారు నా దగ్గరకొచ్చారు. "ఏమన్నాడు?"

"గడ్డి ఎప్పుడు మొలుస్తుందని."

"ఏం చెప్పావు?"

"మీరుండగానే అన్నాను."

ఆయన నవ్వి, అరచేతికి అంటుకున్న నాలుగు విత్తనాలను కూడా గీకి, అదే చోట రాల్చారు. గోలుకంబానికి కుడిపక్కన, పళ్ళెమంత జాగా. ఇన్నేళ్ళుగా గడ్డి కోసే మిషను దాని మీదుగానే పోతోంది. అయినా ఈ సాయంత్రం ఎండ వాలేటప్పుడు వెళ్ళి చూస్తే, చుట్టూ ఉన్న పచ్చ కంటే అక్కడి పచ్చ ఇంకా ఒక పాలు చిక్కగానే ఉంది.